చీపురంత దూరం

భవానీపూర్, కలకత్తా,
18-8-1996, ఆదివారం.

ప్రియమైన సుందరికి,

అమ్మన్నమ్మ ప్రేమతో రాస్తున్నది. మీ మేనత్తకీ, ఇంట్లో పెద్దలందరికీ నా నమస్కారాలు చెప్పు. ముందు ఇక్కడి క్షేమం రాసి, తర్వాత అక్కడి క్షేమం అడగాలని పట్టాభి మాస్టారు మనిద్దరికీ నేర్పారు. అలా మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. మా నాన్న బాగున్నాడు, అమ్మ బాగుంది. నా సంగతి కింద రాస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. నాలుగుసార్లు చదివాను. టెక్కలి పక్క ప్రభుత్వ ఆసుపత్రిలో నీకు ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు వచ్చిందన్న చోట సంతోషంతో కేకపెట్టాను. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి "ఏటే, ఏటైనాది?" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాతి పేరా చదివాక అమ్మకి ఉద్యోగం సంగతి మాత్రమే చెప్పాను. ఇరవయ్యారో తారీఖు సోమవారంలోగా చేరకపోతే ఆర్డరు రద్దవుతుందని రాశావు. చేరనని జవాబు రాసి పెట్టుకున్నానని కూడా రాశావు. ఆ ఆసుపత్రిలో ఒకసారి కూర్చోబెట్టి చూస్తే, రక్తపు స్లైడు మీద ముప్పై నాలుగో చోటు రాగానే నీ చెయ్యి ఆగిపోయిందన్నావు. అంతకు మించి లెక్క సాగలేదన్నావు. ఏడాదిగా ప్రతి శనివారం కూర్మయ్య బాబాయి పేరున పస్తుంటున్నావని రాశావు.

చివర నన్నొక ప్రశ్న అడిగావు. "నువ్వు ఆ కుర్చీలోనే, ఆ కిటికీ పక్కనే ఎలా కూర్చుంటున్నావు అమ్మన్నా? నీ మనసు ఎలా నిలబడుతోంది? రోజూ ఏం చేస్తున్నావో నాకు రాయి. నేనూ అలాగే చేసి చూస్తాను. అప్పటికీ కుదరకపోతే మానేస్తాను."

దానికే ఈ ఉత్తరం. దయచేసి ఆ జవాబు పోస్టు చెయ్యకు. ఇది పూర్తిగా చదివేదాకా చెయ్యకు.

ముందు ఇక్కడి సంగతి. నువ్వు వెళ్ళాక నీ కుర్చీలోకి ఎవర్నీ తీసుకోలేదు. ఈ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. పొద్దున్న తొమ్మిదింటికే జ్వరాల వాళ్ళ వరస మన క్లినిక్ మెట్లు దిగి మిఠాయి కొట్టు దాకా వెళ్తోంది. మనిద్దరం ఉన్నప్పుడు చెరో యాభై స్లైడుల ట్రే అంటేనే గొణుక్కునేవాళ్ళం. ఇప్పుడు ఒక్కోరోజు తొంభై వస్తున్నాయి, చూసేది నేనొక్కదాన్నే. మృత్యుంజయ్‌దా మాత్రం మారలేదు. వేళ్ళు గుచ్చి రక్తం తీస్తూ, ట్రే నా బల్ల మీద పెట్టినప్పుడల్లా, "ఇదిగో దిదిమణీ, నీకు పుట్టింటి నుంచి సారె వచ్చింది" అంటాడు. మొదట్లో నవ్వేదాన్ని.

జూన్ నెలాఖరుకి నాకు నవ్వూ పోయింది, నిద్రా పోయింది. రక్తంలో మలేరియా ఉంటే లెన్సులో కనపడాల్సిన ఉంగరాలు బయట కనపడేవి. అన్నం మెతుకుల మధ్య ఉంగరం, సబ్బు నురగలో ఉంగరం, వాన చినుకు గుంటలో పడితే ఉంగరం. లెన్సులో మాత్రం ఉన్నదో లేదో తేలేది కాదు. చూసిన స్లైడునే మళ్ళీ చూసేదాన్ని. మూడోసారీ చూసేదాన్ని. సాయంత్రానికి ముప్పై దాటేవి కావు. బయట వరసలో పిల్లల్ని ఒళ్ళో వేసుకున్న తల్లులు రిపోర్టు కోసం కూర్చుని ఉండేవాళ్ళు. డాక్టర్‌బాబు ఒకరోజు గుమ్మంలో నిలబడి, "అమ్మన్నా, తప్పు రాయడం ఎంత పాపమో, రాయకుండా కూర్చోవడమూ అంతే పాపం. వాళ్ళకి మందు ఎప్పుడివ్వను?" అన్నాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది.

జులై మొదటి వారంలో రాజీనామా రాసి కోటు జేబులో పెట్టుకున్నాను. ఆ తెల్ల కోటు నీకు గుర్తుందా? మా నాన్న దాన్ని చేతులు కడుక్కోకుండా ముట్టుకోడు. వాన తడిసిందని ఆరేస్తుంటే జేబులోంచి ఆ కాగితం పడింది. ఆయనకి చదవడం రాదు. అయినా నా మొహం చూసి ఏదో అర్థమైంది. మా ఇంట్లో కాగితం మీద రాయగలిగిన మొదటి మనిషిని నేను. నేను రాసిన మొదటి దరఖాస్తు ఉద్యోగం మానేస్తానన్నదే. చదివి వినిపించాను. ఆయన దాన్ని మడిచి నాకే ఇచ్చాడు. "రేపొక్కపాలి నా ఎనక రా తల్లీ. ఆనక నీ ఇష్టం" అన్నాడు.

మర్నాడు తెల్లారుతుండగా నాన్నతో హరీశ్ ముఖర్జీ రోడ్డు మీద నిలబడ్డాను. ఎన్నిసార్లు నడిచిన రోడ్డో. చీపురు చేతిలో ఉంటే ఎంత పొడుగ్గా కనిపించిందో చెప్పలేను. ముందురోజు వానకి చెత్తంతా నేలకి అతుక్కుపోయి ఉంది. ఇదంతా రోజూ ఎలా ఊడుస్తున్నావు నాన్నా అన్నాను. "రోడ్డుతో నీకేటి పని?" అన్నాడు. "సీపురెంత దూరం ఎల్తాదో అంతవరకే సూడు. ఆ సివరకేసి సూసినావంటే కాలికింది కాయితం ఒదిలేస్తావు."

అప్పుడే చూశాను సుందరీ, ఇరవై మూడేళ్ళు ఆయన కూతురిగా ఉండి ఎన్నడూ చూడని సంగతి. ఆయన ఊడ్చడం మొదలుపెట్టే ముందు చీపురు తిరగేసి నేలకి మూడుసార్లు కొడతాడు. పుల్లలన్నీ ఒక సమానానికి వస్తాయి. తర్వాత తల వంచుతాడు. దీపం స్తంభం వచ్చేదాకా తల ఎత్తడు. స్తంభం దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ఊడ్చిన మేర ఒకసారి చూస్తాడు. మళ్ళీ మూడు దెబ్బలు, మళ్ళీ తల వంచడం. ముప్పై ఏళ్ళుగా ఇంతే.

అంతలో అవతలి పక్కనుంచి సింహాచలమ్మ పిన్ని వచ్చింది. కూర్మయ్య బాబాయి పోయాక కార్పొరేషన్ వాళ్ళు ఆయన పనిలో ఆమెని పెట్టారు. ఇప్పుడు నాన్న పక్క బీటు ఆమెదే. నా చేతిలో చీపురు చూసి నడుం మీద చెయ్యి వేసుకుని, "ఓలమ్మ ఓలమ్మ! మైక్రోస్కోపు గుంటకి సీపురిచ్చీసినావేటి బావా? ఉజ్జోగం ఊడిపోనాదా ఏటి?" అంది. నాన్న నవ్వాడు. పిన్ని దగ్గరికొచ్చి నా చేతిలోని చీపురు లాక్కుని, "నీ సెయ్యి ఇలాటి పనికి గాదే. ఎల్లు, ఎల్లి మా వోల్ల రగతాలు సూడు. నీలాగ కళ్ళెట్టి సూసినోలుంటే నా మనిసి బతికుండును" అంది.

ఆ మాట తర్వాత నీ పేరెత్తి ఏమందో నేను రాయను. నువ్వు ఊహించగలవు.

ఆ వేళే క్లినిక్‌కి వెళ్ళి రాజీనామా చింపి, నాన్న పద్ధతి నా బల్ల మీదికి తెచ్చుకున్నాను. నువ్వు అడిగింది ఇదే గనక వివరంగా రాస్తున్నాను. ఒక వరస లేదు, గుర్తొచ్చినట్టు రాస్తాను.

ట్రే మీద గుడ్డ కప్పేస్తాను. దానికింద తొంభై ఉన్నాయో తొమ్మిది ఉన్నాయో నాకు కనపడకూడదు. చెయ్యి పెట్టి ఒక్కటి తీస్తాను. అదే నా చీపురంత దూరం. స్లైడు బిగించాక బల్ల అంచున వేలితో మూడుసార్లు కొడతాను. మృత్యుంజయ్‌దా అది విని, "లోపల ఎవరున్నారు దిదిమణీ, తలుపు తడుతున్నావు?" అంటాడు. అననీ. నాకు ఆ మూడు దెబ్బలకీ ఇంటి సంగతులూ వీధి సంగతులూ పక్కకి జరుగుతాయి.

వంద చోట్ల చూడందే నెగెటివ్ అని రాయకూడదని డాక్టర్‌బాబు మనకి మొదటిరోజే చెప్పాడు గదా. ఆ వంద లెక్క నా తలలో పెట్టుకోవడం మానేశాను. పది చింతపిక్కలు తెచ్చుకున్నాను. పది చోట్లు చూడగానే ఒక పిక్క ఎడమ గిన్నెలోంచి కుడి గిన్నెలోకి. కన్ను లెన్సు మీదినుంచి తియ్యక్కర్లేదు, వేలికి తెలుస్తుంది. ఎడమ గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆ స్లైడు దిగదు. నువ్వు ముప్పై నాలుగు దగ్గర ఆగిపోతున్నానన్నావు. పిక్కలతో అయితే ముప్పై నాలుగు అనే అంకె రానే రాదు. మూడు పిక్కలు వెళ్ళాయి, నాలుగోది వెళ్ళాలి, అంతే. ఇది తప్పకుండా చేసి చూడు.

పది స్లైడులకొకసారి లేచి కిటికీ దగ్గరికి వెళ్తాను. ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉంది చూడు, దాన్ని ఇరవై లెక్కపెట్టేదాకా చూస్తాను. కళ్ళకి విశ్రాంతి. అప్పుడే వెనక్కి తిరిగి, చూసేసిన స్లైడుల వరసని కూడా చూసుకుంటాను, నాన్న స్తంభం దగ్గర ఆగి చూసుకున్నట్టు. ఇన్ని అయ్యాయి అనుకుంటే ప్రాణం కుదుటపడుతుంది.

ఒంటి గంటకి లేస్తాను. ఎన్ని మిగిలినా లేస్తాను. మరమరాలు, పచ్చిమిరపకాయ, ఉంటే కొబ్బరి ముక్క. మెట్ల మీద కూర్చుని తింటాను, ఏదీ చదవను. మొన్న బంద్ రోజు క్లినిక్ మూసేశారు. అయినా తొమ్మిదింటికి గుమ్మంలో చేటెడు బియ్యం పెట్టుకుని, పిక్కలు పెట్టుకుని రాళ్ళు ఏరాను. అలవాటు ఒక్కరోజు తప్పితే నేనే తప్పిపోతానేమోనని భయం. అమ్మ చూసి, "బియ్యానికి కూడా మలేరియా ఒచ్చినాదేటే?" అంది.

ఇంకొకటి ఉంది, నీకు కూడా ఎన్నడూ చెప్పలేదు. స్లైడు బిగించబోయే ముందు, దాని చివర అంటించిన నెంబరు కాగితం మూలన ఎర్ర పెన్సిల్‌తో చిన్న చుక్క పెడతాను. గింజ మొన అంత. ఎవరికీ కనపడదు. "ఇప్పుడు నేను ఇక్కడున్నాను" అని నాకు నేను చెప్పుకోవడం అది. నువ్వు ఏడిపిస్తావని దాచాను.

ఇలా చేస్తే ఇప్పుడు రోజుకి డెబ్బై దాకా చూడగలుగుతున్నాను. చూసిన వాటి రిపోర్టులు ఆ పూటే వెళ్తున్నాయి. మొన్న డాక్టర్‌బాబు నేను నెగెటివ్ రాసిన వాటిలో ఇరవై తీసి తానే మళ్ళీ చూశాడు. ఒక్కటీ తప్పలేదు. కాబట్టి కుదురుతుంది సుందరీ. నాకు కుదిరితే నీకు కుదరకపోవడమేమిటి? ట్రైనింగులో నీ కన్నే నాకన్నా చురుకని అందరికీ తెలుసు.

అయినా నువ్వు ఒప్పుకోవని నాకు తెలుసు. ఆ రోజు సంగతి నిన్ను వదలడం లేదు. నీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే మనిద్దరం ఒక్కసారి కూడా దాన్ని మొదటినుంచి చెప్పుకోలేదు.

మన ఊడ్చేవాళ్ళ ఇళ్ళ లైన్లో కుళాయి దగ్గర బిందె వరస ఎలాంటిదో టెక్కలిలో వాళ్ళకి చెప్తే నవ్వుతారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే. ముందొచ్చిన వాళ్ళు పక్క బిందె కూడా నింపి పెడతారు. ఎవరు నింపారని ఎవరూ అడగరు, బిందె ఎవరిదో నీళ్ళు వాళ్ళవి. ఆ పద్ధతే మనం క్లినిక్‌కీ తీసుకెళ్ళాం. నీ ట్రే నేను చూసినా రిజిస్టరులో "సుం" అనే రాసేదాన్ని. నా ట్రే నువ్వు చూసినా "అ" అనే రాసేదానివి. చూసినవాళ్ళే సంతకం పెట్టాలని డాక్టర్‌బాబు చెప్పాడు. మనకి అది పరాయివాళ్ళ మాటలా అనిపించింది. మనలో మనకి లెక్కలేమిటి అనుకున్నాం.

పోయిన సెప్టెంబరు, ఆ మంగళవారం పొద్దున్న కూర్మయ్య బాబాయి జ్వరంతోనే నడిచొచ్చి వేలు చాచాడు. "నా రగతంలో ఏటున్నాదో సూసి సెప్పండే సదువుకున్న గుంటల్లారా. గంగ నీల్లు తప్ప ఏటీ ఉండదు" అన్నాడు. రోజూ తెల్లవారుజామున వీధి హైడ్రెంట్లు తిప్పి గంగ నీళ్ళతో రోడ్డు కడిగేవాడు కదా, అందుకని ఆ హాస్యం. ఆయన స్లైడు నీ ట్రేలో పడింది. నెంబరు ముప్పై నాలుగు. పన్నెండింటికి నువ్వు లేచావు. కిరోసిన్ కార్డుకి అది ఆఖరి రోజు. మీ ఇంటి డబ్బా, మా ఇంటి డబ్బా రెండూ పట్టుకుని వరసలో నిలబడ్డానికి వెళ్ళావు. మిగిలిన నీ ట్రే నేను చూశాను. రిజిస్టరులో అన్నిటికీ "సుం" అనే రాశాను.

ముప్పై నాలుగు నెగెటివ్ అని వెళ్ళింది. మామూలు జ్వరమని మాత్రలిచ్చారు. శుక్రవారం బాబాయికి స్పృహ తప్పింది. పెద్దాసుపత్రిలో మళ్ళీ రక్తం చూస్తే నిండా ఉంగరాలున్నాయి, అవి కూడా మెదడుకెక్కే రకం. శనివారం పోయాడు. డాక్టర్‌బాబు పాత స్లైడు తెప్పించి తానే చూసి, కిటికీ వెలుగులో పైకెత్తి పట్టుకుని, "ఉన్నాయి. తక్కువే, కానీ ఉన్నాయి. ఇది ఎవరు చూశారు?" అన్నాడు. రిజిస్టరులో నీ పేరుంది. నువ్వు నా వైపు తిరిగి, "నువ్వెక్కణ్ణించి మొదలెట్టావు అమ్మన్నా?" అని అడిగావు. నలభై ఒకటి నుంచి అన్నాను. నువ్వు డాక్టర్‌బాబు వైపు తిరిగి, "అయితే నాదే" అన్నావు. రేపట్నుంచి రాకమ్మా అన్నాడాయన.

పది రోజుల్లో నువ్వు రైలెక్కావు. నేను స్టేషన్‌కి రాలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపాను.

ఇప్పుడు రోజూ పొద్దున్న సింహాచలమ్మ పిన్ని తన బిందెతో పాటు నా బిందె కూడా వరసలో పెడుతోంది. వద్దన్నా వినదు. "నువ్వు ఆపీసుకెల్లాల, నాకేటి పనుంది" అంటుంది. నేను వెళ్ళేసరికి నీళ్ళు నిండి ఉంటాయి. ఆ నీళ్ళతో మొహం కడుక్కుని పనికి వెళ్తున్నాను.

ఆ పని వదలకు సుందరీ. పిక్కలు పెట్టుకో, గుడ్డ కప్పుకో, ఒంటి గంటకి లే. మొదటి వారం కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. ఇరవయ్యారున చేరు. చేరానని ఒక్క కార్డు ముక్క రాస్తే చాలు.

మీ అత్తకి మరోసారి నా నమస్కారాలు.

నిన్ను ఎప్పటికీ మరవని,
నీ స్నేహితురాలు
అమ్మన్నమ్మ.

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. ఇంకా అంటించలేదు. నాన్న మధ్యాహ్నం అన్నం తిని గుమ్మంలో కూర్చుని, "సుందరికేనా? ఏటి రాసినావో సదువు" అన్నాడు. తన పద్ధతి గురించి రాశానని నేనే గొప్పగా చెప్పి ఉన్నాను. ఆ భాగం చదివాను. చీపురు మూడు దెబ్బల దగ్గర నవ్వాడు. వెనక్కి తిరిగి చూసుకోవడం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"అది తప్పు రాసినావు" అన్నాడు. "ఎంత ఊడ్సీసినానో అని మురిసిపోడానికి సూస్తానేటి? ఏటొదిలేసినానో అని సూస్తాను."

వదిలేసింది కనపడితే ఏం చేస్తావు నాన్నా అని అడిగాను.

"ఎనక్కెల్లి ఊడుస్తాను. మరేటి సేస్తాం?" అన్నాడు. ఆయనకి ఏమీ తెలియదు. తెలియకుండానే అన్నాడు. అని పడుకోడానికి వెళ్ళిపోయాడు.

సుందరీ, ముప్పై నాలుగు నువ్వు చూడలేదు. నేను చూశాను.

ఆ ఎర్ర చుక్క అలవాటు ఈ ఏడు మొదలైంది కాదు. బాబాయి జ్వరానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాను. డాక్టర్‌బాబు ఆ స్లైడుని వెలుగులోకి ఎత్తినప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. నెంబరు కాగితం మూలన చుక్క నాకు కనపడింది. నువ్వు అడిగినప్పుడు అది చూస్తూనే నలభై ఒకటి అన్నాను. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ట్రే అంతా తీసి చూశాను. ఇరవై తొమ్మిది నుంచి యాభై దాకా అన్నిటికీ చుక్కలున్నాయి. నువ్వు ఇరవై ఎనిమిది దగ్గర లేచావు. ఆ ఇరవై ఎనిమిదింటినీ తర్వాత లెన్సులో పెట్టి చూశాను, ఒక్క తప్పు లేదు.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. నా యాభై, నీవి ఇరవై రెండు. లెన్సుకి కావాల్సిన కిటికీ వెలుగు పోయేలోపు ముగించాలని ఒక్కొక్కటీ ముప్పై, నలభై చోట్లు చూసి దించేశాను. చుక్క పెట్టాను గానీ వంద చూడలేదు. నువ్వు అప్పుడు మా ఇంటి డబ్బా పట్టుకుని వరసలో నిలబడి ఉన్నావు.

ఇన్ని అలవాట్లు నీకు రాశాను. అన్నీ నిజమే, కానీ అవి నాకు కావాల్సినవి, నీకు కాదు. నీ కంటికీ చేతికీ ఏ రోగమూ లేదు. నువ్వు చెయ్యని తప్పు దగ్గర నీ లెక్క ఆగిపోతోంది. ఏడాదిగా నువ్వు ఉంటున్న పస్తులు నావి. ఈ శనివారం అన్నం తిను.

చుక్కలు తుడిచేద్దామని చాలాసార్లు రబ్బరు చేతిలోకి తీసుకున్నాను, చెయ్యలేకపోయాను. ట్రే డాక్టర్‌బాబు బీరువాలో అలాగే ఉంది. రేపు తొమ్మిదింటికి దాన్ని ఆయన ముందు పెడతాను. తర్వాత ఆ కుర్చీ నాకుంటుందో లేదో తెలియదు. ఈ ఉత్తరం నీ దగ్గర ఉంచుకో, ఎవరికి చూపించాలనుకుంటే వాళ్ళకి చూపించు. నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు, అడగను.

ఇప్పుడే హౌరా వెళ్ళి స్టేషన్‌లో పోస్టు చేస్తున్నాను. ఈ పూట మెయిల్‌కి అందితే గురువారానికల్లా నీకు చేరాలి. ఇరవయ్యారుకి ఇంకా నాలుగు రోజులుంటాయి.

డాక్టర్‌బాబు కన్నా ముందు ఇంకొకరున్నారు. రేపు పొద్దున్న కుళాయి దగ్గర సింహాచలమ్మ పిన్ని నా బిందె నింపి పట్టుకుని నిలబడి ఉంటుంది. ముందు ఆమెకి చెప్తాను. విన్నాక ఆమె ఏం చేస్తుందో, లైన్లో ఏమంటారో, నాన్న మొహం ఎలా ఉంటుందో, అంతదూరం చూస్తే నా కాలు కదలడం లేదు. మా గుమ్మం నుంచి కుళాయి పదిహేను అడుగులు. అంతవరకే చూస్తున్నాను.